బ్రేకులు ఫెయిల్... సీను కట్!

విలన్ మనిషి అర్ధరాత్రి చేతిలో కటింగ్ ప్లేయరు పట్టుకుని కారు కిందికి దూరతాడు. నేల మీద నూనె చుక్కలు టప్ టప్ మని పడుతుంటాయి. తెల్లారి హీరోయిన్ నవ్వుకుంటూ వచ్చి స్టీరింగు ముందు కూర్చుంటుంది. ఘాట్ రోడ్డు. మలుపు. పెడల్ మీద ఆమె కాలు... క్లోజప్! పెడల్ నేలకంటుతుంది. "బ్రేకులు ఫెయిలయ్యాయి!" నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా హాలంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. ఆ తర్వాత గడ్డివాము, కోళ్లగంప, కొబ్బరిబోండాల బండి... మీకు తెలియనిదేముంది!

ఈ సీను మన తెలుగు సినిమాల్లో ఎన్నిసార్లొచ్చిందో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. కానీ చూసినప్పుడల్లా ఒక సందేహం. ఒక్క గొట్టం కోస్తే నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే ఎలా పోతాయి? సినిమా కదా, ఎలాగైనా పోతాయి అంటారా? కాదండీ! ఈ ఒక్క విషయంలో మన సినిమావాళ్లు అబద్ధమాడలేదు. పాతకాలం కార్లలో నిజంగా అంతే. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మనం గజపతినగరం వెళ్లాలి.

గజపతినగరం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం నెల్లాళ్లు నా బల్ల మీద ఉంది. పేరు వెయ్యొద్దన్నాడు కనుక వెయ్యటం లేదు. డిగ్రీ అయిన కుర్రాడు. ఇంట్లో నాన్నగారి అంబాసిడర్ ఉంది. తెల్లరంగు, మార్క్-4, 1986 మోడలు, డీజిల్ బండి. ఆయన దాన్నే టాక్సీగా తిప్పి పిల్లల్ని చదివించారు. ఉత్తరంలో సంగతి క్లుప్తంగా ఇదీ: అరకు దగ్గర ఒక సినిమాకి పాత కార్లు కావాలట. 1980ల్లో జరిగే కథట. ప్రొడక్షన్ వాళ్లు ఈ బండి ఫొటో చూసి బాగుందన్నారు. కారు మలుపు తిరిగి జోరుగా దిగి వచ్చి సరిగ్గా హీరోయిన్ ముందు ఆగాలి. "మా బండి ఆగుద్దా అని నాకు అనుమానం సార్. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వేయిద్దామంటే నాన్న కస్సుమంటున్నారు. మీరు ఒక మాట రాయండి" అన్నాడు.

సినిమా పత్రికలో బ్రేకుల గోలేమిటయ్యా అని ఎడిటర్‌గారు మొహం చిట్లించారు. "హీరోయిన్ ముందు ఆగాలి" అన్న ముక్క చూపించాక సరేనన్నారు!

కాగితం మీద జవాబు రాసేసి ఊరుకునే వ్యవహారం కాదిది. అందుకే బస్సెక్కాను. విజయనగరం దాటి సాలూరు వైపు పోయే జాతీయ రహదారి మీద ఉంటుంది గజపతినగరం. ఈ రోడ్డు మీద నిలబడి పది నిమిషాలు చూస్తే చాలు, ఇది లారీల రాజ్యమని తెలిసిపోతుంది. రామభద్రపురం, సాలూరు, అక్కణ్ణించి కొండెక్కి సుంకి, పొట్టంగి, కోరాపుట్... ఒరిస్సా లోపలికి పోయే దారి. సాలూరనగానే మన పాఠకులకు సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావుగారు గుర్తొస్తారు. ఆ పక్క శివరామపురమే ఆయన పుట్టిన ఊరు. డ్రైవర్లకు మాత్రం సాలూరంటే లారీలూ, బాడీ కట్టే షెడ్లూ, దాని వెనక కనిపించే ఘాటూను. బ్రేకు అనే మాట విలువ ఈ రోడ్డువాళ్లకు తెలిసినట్టు హైదరాబాదు ఫ్లైఓవర్ల మీద తిరిగేవాళ్లకు తెలియదు.

పెద్దాయన వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టీ తెప్పించారు. అప్పుడు మొదలెట్టారు.

"ముప్పయ్యేళ్లు ఈ డ్రమ్ములతోనే సుంకి దిగినాను బావూ. ఒక్క పాలి కూడా నన్ను మోసం సెయ్యలేదు. ఇప్పుడీ గుంటడొచ్చి డిస్కులేస్తానంటాడు. ఏటి, దీన్ని ఇమానం సేస్తాడేటి?"

కుర్రాడు గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. నవ్వొచ్చింది గానీ ఆయన మాటలో నిజముంది. డ్రమ్ బ్రేకు అంటే పనికిరాని సరుకు కాదు. అంబాసిడర్ అనే బండి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 అచ్చులో పోసిన మూర్తి. కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1950ల చివర్నించి 2014 దాకా తయారైంది. అన్ని దశాబ్దాలు మంత్రుల్నీ, పెళ్లికొడుకుల్నీ, తెర మీద కరటక దమనకుల్నీ మోసి తిప్పిన బండి. అందులో చాలా భాగం డ్రమ్ముల మీదే ఆగింది.

డ్రమ్ము ఎలా పనిచేస్తుందంటే... చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె అనుకోండి. లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు. పెడల్ తొక్కితే ఆయిలు నెట్టుకొచ్చి షూలు విచ్చుకుని గిన్నె లోపలి గోడని ఒరుసుకుంటాయి. తమాషా ఏమిటంటే, ముందుకు తిరిగే డ్రమ్ము తనకి తగిలిన షూని ఇంకా లోపలికి లాక్కుంటుంది. మనం కాలితో పెట్టిన బలానికి డ్రమ్మే మరికొంత కలుపుతుంది. అందుకే బూస్టరూ గీస్టరూ లేకుండానే ఒకటిన్నర టన్ను బండి పెద్దాయన కాలి కింద ఆగేది.

మరి ఇబ్బంది ఎక్కడ? వేడి. రాపిడి అంతా మూసిన గిన్నెలో జరుగుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే ఇనుమంతా కాలి కాలి పోవాలి. కాలిన డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది. కాలిన లైనింగు పట్టు తప్పుతుంది. పెడల్ కిందికి దిగుతూ పోతుంది, బండి ఆగనంటుంది. మన డ్రైవర్లు "బ్రేకు కాలిపోయింది" అనేది దీన్నే. చల్లారాక మళ్లీ మామూలే.

ఎంత వేడంటారా? కాగితం పెన్సిలు తీశాను. మనుషుల్తో సహా 1,500 కిలోల బండి, వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగుతోంది అనుకుందాం. అనంతగిరి ఘాట్ పైనుంచి ఎస్.కోట వైపు దిగితే అంతకంటె కాస్త ఎక్కువే. ఆ దిగటంలో విడుదలయ్యే శక్తితో 40 లీటర్ల పైచిలుకు చన్నీళ్లని సలసలా మరిగించవచ్చు! కొంత గాలి పంచుకుంటుంది, తక్కువ గేరులో ఉంటే ఇంజను మరికొంత పంచుకుంటుంది. మిగిలిందంతా ఆ నాలుగు గిన్నెల పాలు. అందులోనూ ముందు చక్రాలదే పెద్ద వాటా, బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే ఒరుగుతుంది గనక.

డిస్కు బ్రేకులో గిన్నె లేదు. బయటికి కనిపించే పళ్లెం, దాన్ని రెండువైపులా పట్టి నొక్కే కాలిపరు. పళ్లానికి గాలి తగులుతూనే ఉంటుంది. నీళ్లు పడ్డా విసిరికొడుతుంది. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ 24 గంటల రేసులో జాగ్వార్ సి-టైప్ కారు ఈ బ్రేకుల్తోనే గెలిచింది. అవతలివాళ్లు మలుపుకి చాలా ముందే బ్రేకు మీద కాలేస్తుంటే, వీళ్లు ఇంకా ముందుకు పోయి అప్పుడు వేసేవారు. రెండేళ్లకి, 1955లో, సిట్రోయన్ డి.ఎస్. అనే ఫ్రెంచి కారు డిస్కుల్ని మామూలు కొనుగోలుదారుకి అందించింది. మనదాకా రావటానికి మాత్రం... సరే, మనకి ఏది తొందరగా వచ్చింది గనక!

ఇప్పుడు అసలు సంగతి. పాత బండికి డిస్కులెక్కడివి? కొత్తవి చెయ్యరు. ఇంకో బండి ప్రాణం విడిస్తే దాని అవయవాలు దీనికి పెట్టాలి. అవయవదానం అన్నమాట.

మీలో చాలామంది 'టాక్సీవాలా' (2018) చూసే ఉంటారు. విజయ్ దేవరకొండ టాక్సీకి తిప్పే పాత కారు, అదే, మీరు హాల్లో కెవ్వుమన్నది, ఆ కారు కాంటెస్సా. 1984లో మార్కెట్లోకి దించినప్పుడు దర్జా అంటే దానిదే. అంబాసిడర్ చేసిన హిందుస్తాన్ మోటార్స్ వాళ్లదే అదీను. దానికి ముందు చక్రాలకు డిస్కులున్నాయి. అందుకని మన కుర్రాడు కూడా "కాంటెస్సా డిస్కులు దొరికాయి సార్, బ్రాకెట్టు వెల్డింగ్ చేయించి బిగించేద్దాం" అని ఉత్సాహపడ్డాడు.

ఇక్కడ నేను అడ్డుపడ్డాను. కాంటెస్సా, అంబాసిడర్ ఒకే ఇంటి పేరే గానీ ఒకే రక్తం కాదు. దీని పుట్టిల్లు మోరిస్, దానిది వాక్స్‌హాల్. అంబాసిడర్ ముందు భాగం టార్షన్ బార్ల మీద కూర్చుంటే కాంటెస్సా కాయిల్ స్ప్రింగుల మీద కూర్చుంటుంది. స్టబ్ యాక్సిల్ వేరు. అలా బిగించినవాళ్లు లేకపోలేదు. కానీ మంచి లేత్ మేస్త్రి, కొలతలు తెలిసిన మనిషి చేతిలో ఉండాలి. షెడ్డు మూల పడున్న పట్టీముక్క కోసి, అతుకు పెట్టి, దానికి కాలిపర్ బిగించటం మాత్రం... వద్దు బాబూ! బ్రేకు వేసిన ప్రతిసారీ బండి బరువంతా వచ్చి గుద్దేది ఆ బ్రాకెట్టునే. ఆ అతుకు వీడితే కాలిపర్ చక్రంలో ఇరుక్కుంటుంది. విలన్‌తో పనే లేదు.

దగ్గరి దాత ఎవరయ్యా అంటే ఇంకో అంబాసిడరే. 1990ల్లో ఇసుజు 1800 ఇంజనుతో అంబాసిడర్ వచ్చింది గుర్తుందా? ఆ తర్వాతి బండ్లలో ముందు డిస్కులూ, బూస్టరూ ఉన్నవి దొరుకుతాయి. సొంత చెల్లెలి రక్తం లాంటిది. చక్రాలు కూడా 15 అంగుళాలవే కనుక లోపల కాలిపర్‌కి చోటు సరిపోతుంది. విశాఖ ఆటోనగర్లోనో విజయవాడ ఆటోనగర్లోనో ఓపిగ్గా తిరిగితే తుక్కుకి వచ్చిన బండి తగలకపోదు. ఈ కుర్రాడికి మూడోవారంలో తగిలింది.

నా షరతు ఒక్కటే. విడివిడిగా కొనొద్దు. స్టబ్ యాక్సిల్, హబ్బు, డిస్కు, కాలిపరు, బోల్టులు, హోస్ పైపులు, మాస్టర్ సిలిండరు, బూస్టరు... మొత్తం ఒకే బండి నుంచి, ఒకే సెట్టుగా దింపించాలి. ఎందుకంటే మన జనానికి డిస్కు అంటే హీరో. పోస్టరు మీద వాడొక్కడే కనిపిస్తాడు. కానీ గుమ్మడి, సూర్యకాంతం, రేలంగి లేకుండా హీరో ఒక్కడితో సినిమా నడిచిందా ఎప్పుడైనా?

మొదటి క్యారెక్టరు ఆర్టిస్టు మాస్టర్ సిలిండరు. పెడల్ తొక్కితే ఆయిలుని నెట్టేది ఇదే. డ్రమ్ములోని వీల్ సిలిండర్ చిన్నది, కాలిపర్ పిస్టన్ పెద్దది. దానికి ఆయిలు ఎక్కువ కావాలి. పాత సిలిండరు అంత ఆయిలు నెట్టలేకపోతే పెడల్ నేలకంటుతుంది, డిస్కులు మాత్రం తళతళలాడుతుంటాయి! పోనీ అని మరీ పెద్ద సిలిండర్ పెడితే పెడల్ బండరాయవుతుంది. ఇంకో మెలిక ఉంది. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్లో, లైన్లో ఎప్పుడూ కాస్త ప్రెషర్ మిగిలి ఉండేలా ఒక చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములకి అది మంచిదే. డిస్కులకి అదే ఉంటే ప్యాడ్లు పళ్లాన్ని వదలవు. ఖాళీ రోడ్డు మీద కూడా రాసుకుంటూ, కాలుతూ, డీజిల్ తాగుతూ పోతుంది బండి.

ఇప్పుడు మొదట్లో దాటవేసిన ప్రశ్నకి జవాబు. ఈ 1986 బండిలో ఉన్నది సింగిల్ సిలిండర్. ఒకే గది, ఒకే దారి, నాలుగు చక్రాలకీ అదే ఆయిలు. ఎక్కడో ఒకచోట పైపు తెగితే, సినిమాలో విలన్ కోసినా సరే, నిజంగా తుప్పు పట్టి తెగినా సరే, నాలుగూ గోవిందా! తర్వాతి బండ్లలో వచ్చిన టాండెమ్ సిలిండర్లో గదులు రెండు. ఒక గది ఖాళీ అయినా రెండోది సగం చక్రాలనైనా ఆపుతుంది. నన్నడిగితే ఈ వ్యవహారమంతటిలో డిస్కు కంటె విలువైన వస్తువు ఇది. డిస్కులకి డబ్బు లేదా? పరవాలేదు. మంచి కొత్త హోస్ పైపులు, టాండెమ్ సిలిండరు, వెనక చక్రాలకి కొత్త కిట్లు వేయించుకుని డ్రమ్ముల్తోనే తిరగండి. దీనికి పోస్టరుండదు, అంతే.

రెండోది బూస్టరు. డ్రమ్ము తనంతట తాను బలం కలుపుతుందన్నానే, డిస్కుకి ఆ గుణం లేదు. ఎంత నొక్కితే అంతే. అందుకని కాలికి సాయంగా బూస్టరు. అది ఇంజను పీల్చే గాలి తాలూకు వ్యాక్యూమ్ మీద పనిచేస్తుంది. సరిగ్గా ఇక్కడే గజపతినగరం కథ మలుపు తిరిగింది. దాత పెట్రోలు బండి. మనది డీజిల్. డీజిల్ ఇంజన్లో ఆ వ్యాక్యూమ్ ఉండదు! దానికి విడిగా పంపు కావాలి. మామూలుగా ఆల్టర్నేటర్ వెనక అతికించి వస్తుంది అది. మేస్త్రికి ఈ సంగతి తెలుసు. నేను నోరు తెరవకముందే, "డీజిలు కదా బావూ, పంపున్న ఆల్టర్నేటర్ ఎతకాలి. లేపోతే రాయిని తొక్కినట్టే" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

మూడోది వెనక చక్రాలు. వాటిని ఎవరూ పట్టించుకోరు. బూస్టరు ముందు చక్రాలకే కాదు, వెనక డ్రమ్ములకీ బలం పంపుతుంది. ఖాళీ బండిలో వెనక బరువు తక్కువ. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి బొంగరంలా తిరుగుతుంది. కనుక వెనక వీల్ సిలిండర్ల సైజూ, వెనక లైన్లో ప్రెషర్ తగ్గించే వాల్వూ కూడా ఆ దాత బండివే రావాలి. సెట్టు, సెట్టు అని నేను తల బాదుకున్నది ఇందుకే.

బిగింపు నాలుగు రోజులు పట్టింది. డిస్కు మీద కనీస మందం ఎంతో అచ్చు కొట్టి ఉంటుంది. కొలిచారు, ఉంది. కాలిపర్ పిస్టన్లకి తుప్పుంది. మార్చారు. కొత్త డాట్-3 ఆయిలు పోశారు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుందనీ, సగం వాడి మూత తీసి వదిలేసిన డబ్బా పనికిరాదనీ మీరు కూడా గుర్తు పెట్టుకోండి. తేమ చేరిన ఆయిలు ఘాట్ మీద మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని తొక్కితే పెడల్ దూదిలా దిగిపోతుంది.

అన్నీ అయ్యాక గాలి తీశారు. తీస్తూనే ఉన్నారు. రెండు డబ్బాల ఆయిలు అయిపోయింది. పెడల్ మాత్రం మెత్తగానే ఉంది. కుర్రాడి మొహం పాలిపోయింది. పెద్దాయన అరుగు మీద నుంచి ఏమీ అనలేదు, బీడీ వెలిగించారు. అదింకా కష్టం కదా! సాయంత్రం దాకా వెతికితే తేలిందేమిటయ్యా అంటే, షెడ్డులో పనిచేసే పిల్లాడు ఎడమ కాలిపర్ కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించాడు. బోల్టులు చక్కగా సరిపోయాయి, చూపుకి తేడా లేదు. కానీ గాలి తీసే నిపిల్ పైన ఉండాల్సింది కిందికి తిరిగింది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. కింద నిపిల్ విప్పితే ఆయిలు వస్తుంది గానీ గాలి ఎలా వస్తుంది? అటుదిటు మార్చారు. పావుగంటలో పెడల్ గట్టిపడింది. మీలో ఎవరైనా ఈ పని చేయిస్తుంటే షెడ్డులో మొట్టమొదట వంగి చూడాల్సింది ఆ నిపిలే.

మర్నాడు తెల్లవారుజామున చంపావతి పక్క ఖాళీ రోడ్డు మీదికి తీసుకుపోయాం. డ్రమ్ములు విప్పకముందే అదే చోట కుర్రాడు సున్నం గీతలు గీసి పెట్టుకున్నాడు. గంటకి 50 కిలోమీటర్ల వేగం మీద ఒకే గుర్తు దగ్గర బ్రేకు. మొదటిసారి ఆపితే డిస్కులతో ఆగిన చోటుకీ, డ్రమ్ములతో ఆగిన చోటుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు! కుర్రాడు నీరుగారిపోయాడు. నేనాశ్చర్యపోలేదు. చివరికి బండిని ఆపేది టైరు. ఒక్కసారి గట్టిగా పట్టటానికి మంచి డ్రమ్ము కూడా చాలు. "మళ్లీ" అన్నాను. వెంటవెంటనే పదిసార్లు. డ్రమ్ములు పదోసారికి ఎక్కడో దూరాన ఉన్న గీత దాకా పోయాయట. డిస్కులు పదోసారి కూడా మొదటి గీత పక్కనే ఆగాయి.

తేడా అంతా ఆ పదోసారిలోనే. సినిమాకి కూడా ఇదే వర్తిస్తుంది, ఆలోచించండి. మొదటి టేక్‌లో హీరోయిన్ కనురెప్ప కొట్టింది. రెండోదాంట్లో మబ్బు. మూడోదాంట్లో వెనక ఎవరో మేక తోలుకొచ్చారు. పన్నెండో టేక్‌కి డ్రమ్ము పరిస్థితి ఏమిటి?

అసలా షాటు అలా తియ్యనే అక్కరలేదని నా ఉద్దేశం. కెమెరా సెకనుకి 24 ఫ్రేములు తీసే చోట 18 తీస్తే, మెల్లగా వచ్చిన కారు తెర మీద దూసుకొచ్చినట్టుంటుంది. మూకీల కాలం నుంచీ ఉన్న చిట్కా. టెలి లెన్సు పెడితే దూరంగా ఆగిన కారు హీరోయిన్ చీర కుచ్చిళ్లకి తగిలేంత దగ్గర్లో ఆగినట్టు కనిపిస్తుంది. కుర్రాడికి ఇదే చెప్పాను. షూటింగ్ కోసమైతే డిస్కులు వెయ్యక్కర్లేదు. కెమెరామన్‌ని అడుగు. షూటింగ్ అయ్యాక అమ్మానాన్నల్ని ఎక్కించుకుని అనంతగిరి దిగి ఇంటికొస్తావు చూడు, దానికోసమైతే వెయ్యి.

చట్టం మాట కూడా రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో ఉన్న తయారీదారు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. మీరు చేయించేది మంచికే అయినా, ముందే ఆర్.టి.ఒ. ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరా కాగితం మీద అడిగి, జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక "మంచికే చేశాం" అంటే వినే నాథుడుండడు. మీ బండి 50 ఏళ్లు దాటి, 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలనుకుంటుంటే అసలు ఏ మార్పూ చెయ్యకండి. ఆ బండి విలువంతా పుట్టినప్పుడెలా ఉందో అలా ఉండటంలోనే ఉంది.

ఇక పెద్దాయన. చివరికి స్టీరింగు ముందు కూర్చున్నారు. ఊళ్లో రెండు చుట్లు తిప్పి, "బాగానే ఉంది" అన్నారు, ఇచ్చుకోలేక ఇచ్చిన మార్కుల్లా. తర్వాత మాటల్లో మాటగా ఒక సంగతి బయటపడింది. సుంకి దిగువన వాలు తగ్గాక ఆయన గేరు తీసేసి, ఇంజను ఆపేసి, కొండవాలు మీద అలా వదిలేసేవారట. "డీజిలు మిగుల్తాది కదేటి" అన్నారు. చేసింది ఆయనొక్కడే కాదు, ఆ రోడ్డు మీద పాత డ్రైవర్లలో చాలామందికి ఉన్న అలవాటే.

మేస్త్రి చేతిలో స్పానర్ కింద పెట్టేశాడు. నాకూ గుండె ఝల్లుమంది. డ్రమ్ముల రోజుల్లో అది చెడ్డ అలవాటే గానీ, ఇంజను ఆగినా పెడల్ పనిచేసేది. ఇప్పుడు బూస్టరుంది. ఇంజను ఆపితే పంపు ఆగుతుంది. లోపల మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకి వస్తుంది, అంతే. మూడోసారి కాలి కింద బండరాయి! ముప్పయ్యేళ్ల అలవాటు, మంచి కోసం మార్చిన బ్రేకు... రెండూ కలిస్తే ఘాట్ మీద ఏం జరిగేదో చెప్పక్కర్లేదు. పని చేయించిన కుర్రాడికి గానీ, అన్నీ అడిగాననుకుంటున్న నాకు గానీ ఆ ప్రశ్న తట్టలేదు. ఆయనే డీజిల్ గొప్ప చెప్పుకోబోయి చెప్పారు.

మాటల్తో చెబితే నమ్మే మనిషి కాదని మేస్త్రి అక్కడే చూపించాడు. "ఇంజను ఆపు మావా. తొక్కు. ఇంకో పాలి. ఇంకో పాలి తొక్కు" అన్నాడు. నాలుగోసారికి పెడల్ కదల్లేదు. "అలగే నొక్కి పట్టుకుని ఇప్పుడు స్టార్ట్ సెయ్యి." ఇంజను అందుకోగానే పెడల్ కాలి కింద మెత్తగా కాస్త దిగింది. బూస్టరు ప్రాణంతో ఉందో లేదో చూసే పరీక్ష కూడా ఇదే, ఎవరైనా చెయ్యొచ్చు. పెద్దాయన ఆ దిగటాన్ని రెండుసార్లు చేసి చూశారు. ఏమీ మాట్లాడలేదు. తాళంచెవి తీసి జేబులో వేసుకుని లోపలికెళ్లిపోయారు.

పది రోజుల తర్వాత కుర్రాడు ఫోన్ చేశాడు. షూటింగు తేదీ వెనక్కి జరిగిందట, సినిమా వాళ్ల తేదీలు మనకి తెలియనివా! ఈలోగా పెద్దాయన భార్యని ఎక్కించుకుని సుంకి దాకా వెళ్లొచ్చారట. దిగేటప్పుడు మొత్తం సెకండు, థర్డు గేర్లలో, ఇంజను ఆపకుండా. "ఇంటికొచ్చి ఏమన్నారు?" అనడిగాను. "డీజిలు శానా తాగీసిందిరా అన్నారు సార్" అన్నాడు.

పద్మినీ గురించి రాసిన విజయవాడ పాఠకుడికి: మీ బండికి దగ్గరి దాత 1985లో అదే ప్రీమియర్ వాళ్లు తెచ్చిన 118 ఎన్.ఇ. దానికి ముందు డిస్కులున్నాయి. పైన రాసిందంతా మీకూ వర్తిస్తుంది. అడ్వాన్సు ఇచ్చేముందు మీ చక్రం ఒకటి ఆటోనగర్‌కి పట్టుకెళ్లి, ఆ హబ్బు మీద బోల్టులు కలుస్తున్నాయో లేదో, కాలిపర్ రిమ్ము లోపలి అంచుకి తగలకుండా చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరుగుతోందో లేదో అక్కడే చూసుకోండి. బేరం ఆ తర్వాత.